అతుకుల చేప

గద్వాలలో సముద్రం లేదు. అయినా అమూల్య పట్టుబట్టి పగడపు దిబ్బల చేపల మీదే ఎమ్మెస్సీ ప్రాజెక్టు పెట్టుకుంది. హైదరాబాదులో రంగు చేపలమ్మే దుకాణం నుంచి నలుపూ తెలుపూ చారల చేపలు రెండు తెచ్చుకుంది. రెండూ ఒకటే జాతి అన్నాడు దుకాణదారు. కాదని అమూల్య అనుమానం. వనపర్తి కాలేజీలో వాటి కణాలను గాజుపలకల మీద పరిచి, ఫొటోలు తీసి, క్రోమోజోములు లెక్కపెట్టింది. మొదటి చేపకు నలభై ఎనిమిది, రెండోదానికి ముప్పై నాలుగు. ఆ పిల్ల సంతోషం పట్టలేకపోయింది.

గైడు నరేందర్ సారు నీళ్లు చల్లాడు.

"కణం పగిలి పద్నాలుగు కారిపోయినయమ్మా. పోలేదని చూపియ్యి, సంతకం పెడ్త. సోమవారం ఆఖరు."

మళ్లీ చేద్దామంటే చేపలు లేవు. సంతకం లేకపోతే ఏడాది వృథా. ఆదివారం పొద్దున్నే ఫొటోలు పెద్దవి చేయించి, రెండు చేపల క్రోమోజోములనూ ఒక్కొక్కటీ కత్తిరించి, పెద్దమ్మ తిమ్మమ్మ వసారాలో చాప మీద చేపకో వరుసగా, పొడుగు వారీగా పేర్చుకుంది. తిమ్మమ్మ గద్వాల చీరల మగ్గాలకు అచ్చులు అతుకుతుంది. పాత పోగు కొసకు కొత్త పోగు కొస, ఒకటికి ఒకటే, వేల పోగులు. రెండు పోగులు ఒకే ముడిలో పడ్డాయంటే ఆమెకు అన్నం సయించదు.

అమూల్య టీ పెట్టుకుని వచ్చేసరికి పెద్దమ్మ చేతిలో కత్తెర ఉంది.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?"

"గీ వరుసల జంటలు పడ్డయి బిడ్డా. నడుమ అతుకు కనబడ్తలేదా? అన్ని విడగొట్టిన. ఆ వరుస లెక్కనే అయింది సూడు."

అమూల్య పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కలు ఏరుతూ, చేతులు ఊరుకోక లెక్కపెట్టింది. నలభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టినా నలభై ఎనిమిదే. పెద్దమ్మ విడగొట్టిన జంటలు సరిగ్గా పద్నాలుగు.

"పద్నాలుగు పోలేదు పెద్దమ్మా, అతుక్కున్నయి" అంటూ ఆమెను పట్టుకుని వసారా అంతా గిరగిరా తిప్పింది. తిమ్మమ్మకు కళ్లు తిరిగాయి గానీ ఆ నవ్వు ఆమెకూ అంటుకుంది. ఇంకా ఐదు కణాల ఫొటోలున్నాయి. ఒకరు కోయడం, ఒకరు లెక్కపెట్టడం. నలభై ఎనిమిది, నలభై ఎనిమిది, నలభై ఏడు. చాప ఎత్తి దులిపారు, కొంగులు విదిలించారు. చివరికి తప్పిన ముక్క తిమ్మమ్మ మోచేతికే చెమటకు అంటుకుని కనిపించింది. నవ్వలేక ఇద్దరూ కింద కూలబడ్డారు.

సోమవారం సారు ఆ కాగితాలన్నీ చూసి, నమ్మకుండా, తన దగ్గరున్న, ఇంకా కోయని ఏడో కణం ఫొటో ముందు పెట్టాడు.

"కత్తెర లేకుంట చెప్పు."

"ఒంటివి ఇరవై సార్. జంటలు పద్నాలుగు. విడగొడితే నలభై ఎనిమిది."

సారు పెన్ను మొనతో ఒక్కొక్కటీ తాకుతూ మూడుసార్లు లెక్కపెట్టాడు. పెదవులు కదలడం ఆగింది. "ఏడు కణాలల్ల గట్లనే ఉంటే స్లైడు తప్పు కాదు. రెండు జాతులేనమ్మా" అని సంతకం గీశాడు.

గద్వాల బస్సెక్కిన అమూల్య ఆత్మకూరు దాటినా తనలో తాను నవ్వుతూనే ఉంది. పక్క సీటు ముసలావిడ ఎంతసేపని ఊరుకుంటుంది?

"ఏం దొరికింది బిడ్డా, గంత సంబురం?"

"దొరకలేదవ్వా. ఏదీ పోలేదు, అన్ని ఉన్నయి."