అవతలి గేటు దాకా

మా బాల్కనీలో నిలబడితే యేసుమణి ఇవాళ ఏ చీర ఉతికి ఆరేసిందో చెప్పగలను. అమీర్‌పేట మెయిన్‌రోడ్డుకు ఇటు మేము, అటు వాళ్లు. నేనూ యేసుమణీ ఒకే స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లం. అయినా దాన్ని చూడాలంటే నేను ఆటో ఎక్కాలి. ఆ ఆటో పంజాగుట్ట దాకా పోయి, అక్కడ తిరిగి, కంప్యూటర్ కోచింగుల్లో జావా నేర్చుకునే పిల్లల గుంపుల్లోంచి ఈడ్చుకుంటూ వెనక్కి రావాలి. రోడ్డు దాటడానికి ఆటో ఎక్కే మనిషి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అనుకుంటా. పైవంతెన ఉంది కదా అంటారు. యేసుమణి మోకాళ్లతోనో నా ఆయాసంతోనో ఆ మెట్లెక్కి చూపించమనండి, అప్పుడు మాట్లాడతాను.

"ఫోనుందిగా, మాట్లాడుకోండి," అనేవారు మా ఆయన. ఫోన్లో ఎంతసేపని? ఎదురెదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చిక్కుడుకాయల ఈనెలు తీసుకునే స్నేహం మాది. అది తగ్గి తగ్గి పండగలకే మిగిలింది. ఇలాగే ముగిసిపోతుందేమోనని బెంగ పట్టుకుంది నాకు.

ఈమధ్య మా ఇంటి ఎదురుగానే తెల్లచారలు గీసి, నడిచేవాళ్ల కోసమని సిగ్నల్ పెట్టారు. ఫుట్‌పాత్ మీద నిలిపే స్కూటర్లనూ తీయించారు. మొదటిరోజు సాయంత్రం భయంభయంగానే దిగాను. పచ్చ బొమ్మ వెలిగింది. ఆర్టీసీ బస్సు, దాని పక్కన ఇంత పొడుగు కారు, అన్నీ నాకోసం ఆగాయి. తలెత్తుకుని దాటాను.

తలుపు తీసిన యేసుమణి నా వెనక వీధిలోకి చూసింది. "ఆటో ఏదే?"

"నడిచొచ్చాను."

 కళ్లనిండా నీళ్లతో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

చీకటి పడుతుంటే లేచాను. "రోడ్డు దాకా వస్తా పద," అంది. రోడ్డు దాకా వచ్చినా మాట తెగలేదు, మా గేటు దాకా వచ్చేసింది. మోకాళ్లనొప్పుల మనిషిని ఒంటరిగా ఎలా పంపను? వాళ్ల గేటు దాకా నేను వెళ్లాను. అక్కడ తన కూతురు షెర్లిన్‌కి వచ్చిన కొత్త ఉద్యోగం సంగతి ఎత్తింది. అది సగంలో ఉండగానే మళ్లీ ఇటు బయల్దేరాం. ఇన్నేళ్ల సాగనంపుళ్లన్నీ ఆ ఒక్కరోజే తీర్చుకున్నట్టయింది.

సిగ్నల్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ మమ్మల్ని గమనిస్తూనే ఉన్నాడు. ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"అమ్మా, గప్పటి సంది చూస్తున్న. ఇంతకీ మీ ఇల్లు గీ పక్కనా, గా పక్కనా?"

నేను చెయ్యెత్తి యేసుమణి ఇంటివైపు చూపించాను. అది మా ఇంటివైపు చూపించింది.