గంగవ్వ కంట్ల పసుపు

పసుపు ఉడకబెట్టుడు మొదలైందంటే మా ఆర్మూర్ల పొద్దు కూడా పసుపు పూసుకునే పొడుస్తది. పాలిష్ డ్రమ్ములు గడగడ తిరుగుతుంటే లేచిన దుమ్ము చాయ్ హోటల్ బల్లల మీద, ఆటో సీట్ల మీద, దండెం మీది బట్టల మీద, బస్టాండ్ల పండుకున్న కుక్కల మీద ఒక్క తీరుగనే పడుతది. తెల్లంగి తొడుక్కొని హైవే దాటినోడు అటు పక్కకు చేరేసరికి పెండ్లికొడుకోలె కనవడుతడు. ఎవరూ దులుపుకోరు. దులుపుకుంటే మాత్రం ఎంతసేపు?

అందుకే గంగవ్వకు చూపు మసకబారినప్పుడు, పసుపు దుమ్మే పడ్డదనుకున్నది. గీ పొరపాటు మా ఊరోళ్లే చేస్తరు, ఇంకో ఊళ్లె ఎవరూ చెయ్యరు. పాలు పోస్తే పాలు పసుపు, అన్నం వండితే అన్నం పసుపు, సున్నమేసిన గోడ పసుపు. సీజన్ అయిపోయింది, వానలు కొట్టినయి, దుమ్మంతా మోర్లల్ల కొట్టుకపోయింది. గంగవ్వ కంట్ల పసుపు మాత్రం పోలేదు. "ఈసారి దుమ్ము జర ఎక్కువుండె" అనుకొని కొంగుతో తుడుసుకున్నది. మల్ల సీజనొచ్చింది. కల్లంల కూసొని పొడుగు కొమ్ములొక దిక్కు, గుండ్రటి మండలొక దిక్కు ఏరే పనికి ఎప్పటోలెనే పోయింది గాని, ఇప్పుడు కండ్లతో కాదు, వేళ్లతో ఏరుతున్నది. బీడీలు కూడా గట్లనే చుట్టుతున్నది. దారం దొరకక పక్కింటి ఆశమ్మను పిలుస్తున్నది.

అసలు సంగతేందంటే గంగవ్వకున్నది ఒక్కటే కన్ను. ఎడమది చిన్నప్పుడే మక్క మొద్దు గుచ్చుకొని పోయింది. కుడి కంటితోనే పెండ్లి చేసుకున్నది, పిల్లల్ని పెంచింది, మొగడు గల్ఫ్ పోతే ఇల్లు నడిపింది.

ఆశా వర్కర్ కరుణశ్రీ ఒకరోజు టార్చిలైటు పట్టి చూసి, ఇది దుమ్ము కాదు, మోతిబిందు అని చెప్పింది. కంట్ల పొర కమ్మింది, ముదిరింది, తీసి అద్దం పెడుతరు, పైసలక్కర లేదు, కంటి దవాఖాన బస్సు వచ్చే వారం ఆర్మూర్ కే వస్తున్నదన్నది. గంగవ్వ సరేనని తల ఊపింది. లోపల్నుంచి గంగాకిషన్ వచ్చి వద్దన్నడు.

గంగాకిషన్ అంటే గంగవ్వ మొగడు. మనిషి మంచోడే. గల్ఫ్ ల మస్తు ఏండ్లు ఫోర్‌మన్ చేసిండు. అక్కడ పొద్దున లేస్తే యాభై మంది చుట్టూ మూగి, కిషనన్నా గీ పని ఎట్ల చేద్దాం, కిషనన్నా గా లెటర్ల ఏమున్నది అని అడుగుతుండిరి. ఇంటికొచ్చినంక అడిగేటోడు లేడు. బిడ్డ అత్తగారింట్ల, కొడుకు శివ పుణెల. చాయ్ హోటల్ల ఏదన్న ముచ్చట మొదలువెడితే ఎదుటోడు ఫోన్ల తల పెట్టుకొని ఊఁ కొడుతడు. మనిషి అన్నం లేకున్నా ఒక పూట ఆగుతడు గాని, "ఏమంటవన్నా" అని అడిగేటోడు లేకుంటే ఎట్ల ఆగుతడు చెప్పుండ్రి.

గట్ల ఎండిపోయి ఉన్నప్పుడు 'జాగో ఆర్మూర్' అని వాట్సాప్ గ్రూపు ఒకటి దొరికింది. బాల్కొండ భూమేష్ పెట్టిండు దాన్ని. నందిపేట్ నుంచి సౌదీల దమ్మాం దాక అందులో మనోళ్లే. గంగాకిషన్ ఏది చెప్పినా బొటనవేళ్లు లేస్తయి, దండాలు పడతయి, కరెక్ట్ అన్నా, సూపర్ అన్నా. బియ్యంల ప్లాస్టిక్ కలుపుతుండ్రని ఒకరంటే అందరూ అవునన్నరు. టవర్ గాలికి పసుపు కొమ్ములు వంకర పోతున్నయంటే అందరూ అవునన్నరు. కొమ్ము ఎప్పుడూ వంకరనే ఉంటది కదా అన్న మొగులన్నను తీసిపారేసిండ్రు. ఆఖరికి కండ్ల ముచ్చట వచ్చింది. ఊర్లల్లకు బస్సులు తోలి, ముసలోళ్ల కండ్లు పీకి విదేశాలకు అమ్ముతుండ్రట, లండన్ డాక్టరే బయటవెట్టిండట.

"ఉన్నది ఒక్క కన్ను. అదీ పీకితే?" అన్నడు కరుణశ్రీతోని.

"కాకా, నేను నీ బిడ్డసొంటిదాన్ని. నా మాట మీద నమ్మకం లేదా?"

"నువ్వు మంచిదానివే బిడ్డా. నీకు తెల్వకుంట చేస్తరు వాళ్లు."

పోయేముందు ఆ పిల్ల ఒకటే చెప్పింది. గీ బస్సు తప్పితే మల్ల వానలు వడ్డంకనే వస్తది. గంత దనుక ఆగితే పొర పగిలి కంట్ల ఒత్తిడి పెరుగుతది. అప్పుడు పోయిన చూపును ఏ డాక్టరూ తేలేడు.

శివ పుణె నుంచి ఫోన్ చేసి వీడియోలు పంపిండు. అవన్నీ దవాఖానోళ్లే చేయించిండ్రన్నడు గంగాకిషన్. ఆశమ్మ వచ్చి, మా చెల్లె మొగడు చేయించుకున్నడు, మంచిగనే ఉన్నడు అన్నది. ఆయనకు అసలుది తీసి నకిలీది పెట్టి ఉంటరన్నడు. నకిలీదైతే పేపరెట్ల చదువుతుండు అన్నది ఆశమ్మ. అదే కదా వాళ్ల తెలివి అన్నడు. ఆశమ్మ నెత్తి కొట్టుకొని పోయింది.

బస్సొచ్చే రోజు పొద్దుగాల్నే గంగవ్వ మొగనికి చాయ్ ఇచ్చింది. గ్లాసు పక్కకు పోసింది, సగం నేలపాలు.

"ఏమయ్యా, నీతోని కొట్లాడ" అన్నది. "పోయి బండకు చెప్పి రా. అది ఊకున్నదంటే నేనూ ఊకుంట. నా గతి గంతే అనుకుంట."

బండ సంగతి మా ఊరోళ్లకు చెప్పనక్కర్లేదు గాని బయటోళ్లకు చెప్పాలె. లోకంల ఏ గుట్ట కాడికి పోయి అరిచినా మన మాటే మల్ల మనకు వస్తది. మా గుట్ట మీది నల్లబండలల్ల ఒకటి మాత్రం గట్ల కాదు. అది అడుగుతది. దాని పేరే అడుగుడు బండ. సంబంధం కలుపుకునే ముందు, ప్లాటు కొనే ముందు, దేశం పోయే ముందు ఒకసారి ఎక్కి దానికి చెప్పి వచ్చుడు మా దిక్కు ఆనవాయితీ. ప్లాటు అగ్గువకు వస్తున్నదని లోకేశ్ పోయి చెప్తే "దారున్నదా?" అన్నది. చూస్తే దారి లేదు. నేను ఇంటర్ పాసైత అని అంకిత చెప్తే "ఎప్పుడు సదివినవ్?" అన్నది. ఆ పిల్ల దిగొచ్చి పుస్తకం పట్టింది. గిదేం వింత కాదు, కొందరి బోరింగుల నీళ్లు తియ్యగుంటయి, కొందరివి ఉప్పగుంటయి, ఇది గట్లనే.

గంగాకిషన్ రొమ్ము విరుచుకొని బయలెల్లిండు. గ్రూపుల గన్ని వందల మంది అవునన్న ముచ్చటకు బండ ఏమడుగుతది? పైగా ఫోన్ల రికార్డు చేసి గ్రూపుల పెడుదామని కూడా ఉన్నది. కింద బస్టాండు కాడ తెల్లబస్సు ఆగి ఉన్నది. తొమ్మిదింటికి పోతదని మైకుల చెప్తుండ్రు.

ఎక్కి, ఊపిరి తీసుకొని, ఫోన్ పట్టుకొని గట్టిగ అరిచిండు.

"క్యాంపులల్ల ముసలోళ్ల కండ్లు పీకి అమ్ముతుండ్రు!"

గాలి ఆగింది. పండ్లు లేని పెద్దమనిషి గొంతుతో బండ అడిగింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"బాల్కొండ భూమేష్ చెప్పిండు."

"గాయనకెవరు చెప్పిండ్రు?"

చూడుండ్రి చిత్రం, గంగాకిషన్ కు కోపం రాలేదు. ఎన్నేండ్లకో ఒకరు తనను ఏదో అడిగిండ్రు. అడిగినోనికి జవాబు చెప్పాలెనాయె. ఫోర్‌మన్ బుద్ధి ఎక్కడికి పోతది? అక్కడ్నే కూసొని భూమేష్ కు ఫోన్ కొట్టిండు.

భూమేష్ తనకు నందిపేట్ లింగన్న పంపిండన్నడు. లింగన్నను అడిగితే, దమ్మాంల ఉన్న జయరాజ్ పంపిండన్నడు. జయరాజ్ డ్యూటీల ఉండి కూడా ఎత్తిండు. నాకొచ్చినప్పుడు లండన్ డాక్టర్ ముచ్చట లేదన్నా, అది ఎవరో నడుమ కలిపిండ్రు, నాకు ఉత్త వాయిస్ మెసేజే వచ్చిందన్నడు. గదే పంపు అన్నడు గంగాకిషన్. పంపిండు.

ఫోన్ చెవికి పెట్టుకున్నడు. వెనుక పాలిష్ డ్రమ్ము గడగడ. ముందుగల ఒక గొంతు. "ఏమో అన్నా, ఆశమ్మ చెల్లె మొగనికి కంట్ల నుంచి ఏదో తీసిండ్రట. గా తీసినదాన్ని ఏం జేస్తరో మరి. అమ్ముకుంటరేమో, ఎవరికి తెల్సు."

ఆ గొంతు గంగాకిషన్ దే.

కిందటి సీజన్ల, కల్లంల పనిలేక కూసొని, ఎవరన్నా మాట కలుపుతరని పాత గల్ఫ్ దోస్తులకు వదిలిన ముచ్చట అది. 'ఏమో' అని పోయిన మాట 'అవును' అయి తిరిగొచ్చింది. నడుమ దమ్మాం చూసింది, నందిపేట్ చూసింది, లండన్ కోటు తొడుక్కున్నది, బాల్కొండ మీదికెల్లి ఇంటికొచ్చింది. తన మాటకు తనే జడిసి, పెండ్లాం కన్ను పణం పెట్టిండు.

అప్పుడు బండ మెల్లగ ఇంకొకటి అడిగింది.

"గంగవ్వను అడిగినవా?"

ఏమని అడుగుడో బండ చెప్పలేదు. చెప్పే పని లేదు. నీకేం కనవడుతున్నదే, నీకు భయమైతున్నదా, నీకు ఏం కావాలె అని ఈ రెండు సీజన్లల్ల ఒక్కపారి అడిగిండా? తనను ఎవరూ అడుగుతలేరని కుమిలినోడు పక్కనున్న మనిషిని అడగలేదు.

గంగాకిషన్ లేచిండు. మెట్ల మీద గాదు, గొర్రెల బాటన ఉరికిండు. చెప్పు తెగితే రెండోది కూడా ఇడిచిపెట్టిండు. మైకు ఆఖరి పిలుపు పిలుస్తుంటే ఇంట్లకొచ్చి, చాటల చెయ్యి పెట్టి బీడీ ఆకు తడుముకుంటున్న గంగవ్వ ముంగట కూలవడ్డడు.

"గంగా, నీకేం కనవడుతున్నది?"

ఆమె చేతులు ఆగినయి.

"పసుపు" అన్నది. "నీ మొఖం యాదికున్నది గాబట్టి సరిపోతున్నది. కనవడక ఎన్నొద్దులాయెనో."

"పోదామా?"

"నేనెప్పుడు వద్దన్న?"

ఆశమ్మ అప్పటికే సంచి సదిరి పెట్టింది. బస్సు కదిలింది కూడా. కరుణశ్రీ బస్సు ముంగట రెండు చేతులు చాపి నిలవడ్డది. డ్రైవర్ హారన్ కొట్టిండు, ఆ పిల్ల జరగలేదు. వాడంతా చూస్తుంటే గంగాకిషన్ ఉత్త కాళ్లతోని, పెండ్లాం చెయ్యి పట్టుకొని బస్సెక్కిండు. దవాఖానల కూడా ఊకోలేదు. తీసిన పొరను ఏం జేస్తరని డాక్టరమ్మను నేరుగ అడిగిండు. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. అది పాతవడ్డ అద్దమసొంటిది, ఎవరికీ పనికి రాదు, పారేస్తమని చెప్పి, చిన్న గిన్నెల ఒకటి తెప్పించి చూపించింది. కందిపప్పంత ఉన్నది, రంగు చూస్తే అచ్చం ఉడికిన పసుపు.

ఆపరేషనైన తెల్లారి కట్టు ఇప్పిండ్రు. గంగవ్వ కన్ను తెరిచి ముందుగల గోడను చూసింది. తెల్లగున్నది. దుప్పటి చూసింది, తెల్లగున్నది. నర్సు కోక నీలం. కిటికీల ఆకాశం ఎంత నీలమంటే, ఎవరన్నా ఇప్పుడే రంగేసిండ్రా అని అడిగింది. అప్పుడు మొగని దిక్కు తిరిగింది. చానసేపు చూసింది.

"మీసం గింత తెల్లగైందా? పసుపనుకుంటి కదయ్యా" అన్నది.

వార్డుల ఉన్నోళ్లందరూ నవ్విండ్రు. గంగాకిషన్ నవ్వబోయి, తువ్వాలతో మొఖం కప్పుకున్నడు.

గ్రూపుల జరిగింది జరిగినట్టు చెప్పిండు. గా మాట నాదే, నేనే ఊకె అన్న, తప్పైంది అన్నడు. పొద్దుమీకేసరికి అమ్ముడువోయినోడని పేరు పెట్టి తీసేసిండ్రు. దానికి ఆయన ఫికర్ చెయ్యలేదు. చేసే తీరిక ఏది? గంగవ్వకు తెల్లారి నుంచి అన్నీ చూడాలెనాయె, ఇది ఎప్పుడు కట్టిండ్రు, అది ఎవరి పిల్ల అని అడుగుడే అడుగుడు. ఆమె కన్ను చూసి వాడల ఆడోళ్లు ఒకరినొకరు తేరిపార చూసుకున్నరు. నాకూ పసుపు దుమ్మే అనుకుంటి అని లసుమవ్వ అన్నది. నాకూ గంతే అని ఇంకొకామె. చూస్తే సగం వాడ కండ్లల్ల పసుపు దుమ్మే పడ్డది.

వానలు పడ్డంక బస్సు మల్ల వచ్చింది. సీటుకు సీటు నిండింది, తోడుకు గంగాకిషన్ కూడా ఎక్కి కూసున్నడు. ఆఖరి ఘడియల బాల్కొండ నుంచి ఆటో ఒకటి బురద చిమ్ముకుంట వచ్చి ఆగింది. భూమేష్ దిగిండు, తల్లి చెయ్యి పట్టుకొని.

"నేను ఇంకా నమ్ముతలేనన్నా" అన్నడు మొఖం దించుకొని. "అమ్మ పోత అంటున్నది."

"నమ్మకు" అన్నడు గంగాకిషన్. "ఎంబడి రా. చూడు. అడుగు."

తన సీటు ఆ తల్లికిచ్చి తను ఫుట్‌బోర్డు మీద నిలవడ్డడు. బస్సు కదిలి హైవే మలుపు దాక పోయింది. వాడ మొగదల ఆడోళ్ల గుంపుల నిలవడ్డ గంగవ్వ చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్నది. అంత దూరం నుంచి మనిషి గింజంత కనవడుతడు. ఉన్నట్టుండి ఆమె గొంతు హైవే మీద లారీ హారన్లను కూడా దాటొచ్చింది.

"ఓ అయ్యా, నీ అంగి రెండో గుండీ ఊడింది, చూసుకో!"

బస్సంత వంగి చూసింది. నిజంగనే ఊడింది.