మెల్లగా ఆడిన రెండు ఆసులు

బస్సుల షెడ్డు నుంచి ఒకణ్ణి దూరపు డిపోకి పంపాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. "వెల్డరో పెయింటరో, మీలో మీరే తేల్చుకుని సాయంత్రంలోగా పేరు చెప్పండి," అని ఫోర్‌మన్ చేతులు దులుపుకున్నాడు.

వెల్డర్ భార్యకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. మూడంతస్తుల మెట్లూ ఆమెని అతనే ఎత్తుకుని దింపాలి. పెయింటర్ భార్యకి ఏడో నెల. మాటలతో తెగక, పోకర్‌తో తేల్చుకుందామనుకున్నారు. చెరి ఇరవై వాషర్లు. ఎవరివి అయిపోతే వాళ్ళు పెట్టె సర్దుకోవాలి.

భోజనాల వేళ టైర్ల మీద రేకు పరిచి కూర్చున్నారు. ఎలక్ట్రీషియన్ ముక్కలు పంచాడు. చేతిలో రెండేసి, మధ్యలో అందరికీ కనబడేలా అయిదు. పెయింటర్‌కి భయమెక్కువ. వెల్డర్ నాలుగు వాషర్లు తోస్తే చాలు, ముక్కలు పడేసేవాడు. అయినా అరగంటకి పెయింటర్ దగ్గరే రెండెక్కువున్నాయి.

అప్పుడు వెల్డర్‌కి రెండు ఆసులు పడ్డాయి. ఇప్పుడు పెంచితే పెయింటర్ పారిపోతాడు, అతను ఆటకి ముందు వేసిన ఒక్క వాషరే దక్కుతుంది. మెల్లగా లోపలికి లాగి అంతా ఒకేసారి ఊడ్చేయాలనుకున్నాడు. పెంచకుండా, ముక్కలు తిప్పమన్నట్టు రేకు మీద వేలితో తట్టాడు.

మధ్యలో మూడు ముక్కలు తిరిగాయి: రాజు, ఏడు, నాలుగు. పెయింటర్ బెరుకుగా మూడు వాషర్లు పెట్టాడు. వెల్డర్ తలగోక్కుని, ఇష్టంలేనట్టు తనూ మూడు కలిపాడు. నాలుగో ముక్కగా రెండు పడింది. పెయింటర్ ఇంకో అయిదు పెట్టాడు. వెల్డర్ తన దగ్గరున్నవన్నీ ముందుకి తోసేశాడు.

"చూద్దాం బావా," అన్నాడు పెయింటర్, తనూ అన్ని వాషర్లు కలిపి. చూపించాడు. ఏడు, నాలుగు. మధ్యలోవాటితో కలిసి రెండు జతలు.

ఆఖరి ముక్క రాణి. వెల్డర్‌ది ఆసుల జత ఒక్కటే, రెండు జతల ముందు ఓడిపోయింది.

పెయింటర్ తల దించుకున్నాడు. "మొదట్లో రెండు పెట్టినా ఈ చెత్త పారేసేవాణ్ణి బావా. నువ్వు మధ్య ముక్కలు ఊరికే చూడనిచ్చావు."

"అవును," అన్నాడు వెల్డర్. "దూకుడుగా ఆడేవాడి మీదైతే ఆగాలి. నీమీద కాదు." నలభై వాషర్లనీ డబ్బాలో పోసి, ఫోర్‌మన్ గదికి నడిచి తన పేరు చెప్పి వచ్చాడు.

ఇంట్లో భార్య గోడకి ఆనుకుని కూర్చునుంది. పాదాలు వాచి ఉన్నాయి. సంగతి విని కిటికీకేసి చూసింది.

"నన్ను కిందికెవరు దింపుతారండీ?"

వెల్డర్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నా సంగతి చెప్పి బతిమాలారా?"

"చెప్పాను. వినలేదు."

పేకాట మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆమె అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "పోనీలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు? మీ చేతుల్లో ఏముంది?"

వెల్డర్ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.