పాస్టరమ్మ సాక్ష్యం

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపీ ఇవ్వలేదు. తడిబట్టల బకెట్టు పట్టుకుని పాస్టరమ్మ పెరట్లో నిలబడిపోయింది. ఆరేస్తే తడుస్తాయి, లోపల వేస్తే కంపు కొడతాయి.

"మబ్బుతో మంతనాలా? అక్కడ సంఘం ఎదురుచూస్తోంది" అంది అత్తగారు వంటింటి గడపలోంచి. "లోకంలో కోడళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. నీ నోట్లో కొండ వేసినా నానిపోతుంది. ఇవాళన్నా నాలుగు మాటలు గట్టిగా చెప్పు."

ఆ నాలుగు మాటలూ పాస్టరైన మొగుడు గురువారమే నేర్పించాడు. కూతురికి మూర్ఛలు వచ్చేవి. పద్నాలుగు నెలల కిందట, బిడ్డ బాగుపడిందని దేవుడు తన లోపల చెప్పాడంటూ ఆయన మాత్రలన్నీ తీసుకెళ్ళి మురికికాలవలో పారబోశాడు. ఆనాటి నుంచి పిల్ల ఒక్కసారి కూడా పడిపోలేదు. ఆ సంగతి ఇవాళ తల్లి నోటి నుంచి సాక్ష్యంగా రావాలి.

పారబోసిన మర్నాడే మిల్లు నుంచి వస్తూ ఆమె అవే మాత్రలు మళ్ళీ కొన్నదని ఎవరికీ తెలియదు. రెండు పూటలా చెంచా వెనకతో నూరి, చక్కెర కాస్త ఎక్కువ వేసి, పాలల్లో కలిపి ఇస్తోంది. కలుపుతున్నంతసేపూ ప్రార్థన చేస్తూనే ఉంది.

మిల్లులో ఆమె పని, నేసిన బట్టను కింద దీపం వెలిగే బల్ల మీద లాగుతూ లోపం ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టడం. "ఇంట్లో మీ ఆయనకీ ఇలాగే సుద్ద పూస్తావా?" అని సూపర్‌వైజరు నలుగురిలో నవ్వేవాడు. పూయలేదు. ఒక్కసారి మాత్రం మొగుడితో, "జ్వరం ఉందో లేదో కొలిచి చూస్తాం కదండీ, ఇదీ ఒకసారి డాక్టరుకు చూపిద్దాం" అంది. "నీ కంటికి కనబడేది నీకు నిజం. నా ఆత్మకు తెలిసింది దేవుడి నిజం. ఏది పెద్దదో నువ్వే చెప్పు" అన్నాడాయన. గొంతు కూడా పెంచలేదు. అబద్ధాలకోరైనా బాగుండేది, పోట్లాడేది. ఆయన నిజంగానే నమ్మాడు, కన్నీళ్ళు కారుస్తూ నమ్మాడు. ఆ నమ్మకం ఇన్నాళ్ళూ నిలబడింది తన చెంచా మీద. గిన్నెలూ బట్టలూ మిల్లూ చాలక, మొగుడి అద్భుతం కూడా రోజుకు రెండుసార్లు తనే వండిపెట్టాల్సి వచ్చింది. సరే, ఈ పూటకు నేర్పింది అప్పజెప్పేస్తే పోలా? బిడ్డకు పాలు ఆగవు, ఇల్లు కూలదు. అలా అనుకునే బయల్దేరింది.

చర్చి మెట్ల దగ్గర టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె చంకలో రెండేళ్ళ పాప. ఆ పాపకీ అదే జబ్బు.

"పాస్టరమ్మా, అయ్యగారు చెబితే సగం నమ్మాను. మీరు తల్లి కదా, మీ నోట వింటే చాలు. రేపటి నుంచి దీనికీ మాత్రలు ఆపేస్తాను."

పాప తల్లి జాకెట్టు గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

పాటలయ్యాక మొగుడు నవ్వుతూ పిలిచాడు. ఆమె లేచి నిలబడింది. సాక్షి అనేవాడు చూసింది చెబుతాడు, చెప్పమన్నది కాదు.

"నా బిడ్డ ఒక్క పూట కూడా మందు మానలేదు. అయ్యగారికి తెలియకుండా నేనే పాలల్లో కలిపి ఇస్తున్నాను. దేవుడు బాగుచేశాడో లేదో నాకు తెలియదు. ఇవాళ పొద్దున కూడా మాత్ర ఇచ్చానన్నది తెలుసు." టైలరమ్మ వైపు తిరిగింది. "ఆపకు తల్లీ."

ఆమేన్ అనడానికి తెరుచుకున్న నోళ్ళు అలాగే ఉండిపోయాయి. మొగుడు మైకు పట్టుకునే ఉన్నాడు. ఆయన ఊపిరి చప్పుడు చర్చి అంతా వినబడింది.

దారిలో ఆయన ఒక్కటే మాట అన్నాడు. "నన్ను కాదు, వాళ్ళ నమ్మకాన్ని చంపావు."

ఆమెకు ఆ మాట తగల్లేదు. చెయ్యి పట్టుకుని నడుస్తున్న తొమ్మిదేళ్ళ కూతురి మాట తగిలింది.

"అమ్మా, అంటే దేవుడు నన్ను ముట్టుకోలేదా?"

నోరు తెరిచింది. చూసింది చెప్పడం ఎంత కష్టమో, చూడనిది చెప్పడం అంతకన్నా కష్టమైంది. "నాకు తెలియదమ్మా" అంది. పిల్ల చెయ్యి వదిలించుకుని ముందుకు వెళ్ళిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర ఎప్పుడూ ప్రార్థన చేసే ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అత్తగారు కోడలి మొహం చూడలేదు. పాస్టరమ్మ మాత్రను నూరకుండా కూతురి కంచం పక్కన పెట్టింది. పిల్ల దాన్ని చూసింది, తండ్రిని చూసింది. ఆయన కళ్ళెత్తలేదు. పిల్ల కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఏం అడిగిందో, ఎవరిని తిట్టుకుందో తల్లికి వినబడలేదు. చెవి ఒగ్గనూ లేదు. పిల్ల కళ్ళు తెరిచి, మాత్ర వేసుకుని, నీళ్ళు తాగింది.

అందరికీ వడ్డించి చివర తినే మనిషి, ఆ పూట తనూ కంచం పెట్టుకుని వాళ్ళ మధ్యనే కూర్చుంది. నలుగురూ తిన్నారు.