గోడ మీద చోటు

"గోడలు నిండినాయి తులసీ. ఇంక యాడికీ పోయేది లేదు," అన్నాడు చెన్నకేశవరావు భార్యతో. పోయిన ప్రతి ఊరి నుంచీ ఒక వస్తువు తెచ్చుకుంటూ, ఇంటి గోడలు నిండేదాకా తిరుగుదామని పెళ్లైన కొత్తలో మాటిచ్చిందీ ఆయనే.

ఇన్నేళ్లలో రామతులసమ్మ రామేశ్వరం గవ్వలను ద్వారానికి తెరగా కట్టింది. పూరీ గొడుగును దీపానికి తొడిగింది. మైసూరు ఏనుగుల మీద అద్దం నిలబెట్టింది. అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి గానీ ఆమె కాలు మాత్రం ఒకచోట నిలవలేదు. గిద్దలూరు స్టేషన్లో రైలు కూత పెడితే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది.

ఆ మాటన్న మర్నాడు ఆయన దుకాణానికి పోగానే, కాశీకి పోయి వచ్చినవాళ్లు దారాలు పంచినట్లు, వీధిలో ఇంటికొక వస్తువు పంచేసింది. గవ్వల తెర ఎదురింటి నాగేంద్రమ్మకు దక్కింది.

"ఇంత ముచ్చటైనవి ఇస్తుండావేందక్కా?"

"ఇవి ఉంటే మమ్మల్ని కదలనీయవు నాగేంద్రమ్మా."

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చెన్నకేశవరావు బోసిగోడల మధ్య నిలబడిపోయాడు.

"ఏందే ఇది?"

"చోటు చేసినానండీ."

ఆయన అన్నం తిని లేచాడు. చెయ్యి కడుక్కుని, "వారానికి మించి దుకాణం మూయను," అన్నాడు.

ఆమె అప్పటికే అటక మీది పెట్టె దించుతోంది.

"పది రోజులు," అంది.