మాణిక్యాంబ తల తిప్పిన రోజు

రేపల్లె పాసింజరు దిగామని, ఆటో ఎక్కుతున్నామని విగ్రహం చేయించుకునేవాళ్ళ ఫోను వచ్చేసరికి విష్ణువర్ధన్ మట్టిముఖం మీది తడిగుడ్డ తీస్తున్నాడు. తీసినవాడు మళ్ళీ కప్పేశాడు. కప్పి, మళ్ళీ తీశాడు.

"ఆ గుడ్డనేం చేద్దామనయ్యా, చింపేస్తావా?" అన్నాడు శ్యాంప్రసాద్ మాస్టారు, అవతలి మూల స్టూలు మీద కూచుని టీ ఊదుకుంటూ.

"ఆరిపోతుందేమోనండి."

"అది ఆరదు. నీ నోరే ఆరిపోయింది. కాసిని నీళ్ళు తాగు."

తెనాలిలో ఆ షెడ్డు మాస్టారిది. చుట్టుపక్కల పల్లెల్లో కాస్త కలిగినవాళ్ళు, పోయిన తమవాళ్ళకి విగ్రహాలు చేయించి పొలం గట్టునో ఇంటి ముందో పెట్టుకుంటారు. ముందు మట్టితో చేస్తారు. అచ్చు తీసేముందు ఇంటివాళ్ళు వచ్చి మట్టిముఖం చూసుకోవాలి. "అవును, మావాళ్ళే" అనాలి. ఆ మాట అన్నాకే అచ్చు, ఆ తర్వాతే ఫైబరుతో అసలు విగ్రహం. ఆ మాట కోసం ఎదురుచూసేటప్పుడు మాస్టారంతటివాడు కూడా ఒకచోట నిలబడలేడు.

విష్ణువర్ధన్‌కి ఇది మొదటి ముఖం. రెండేళ్ళుగా మట్టి తొక్కాడు, మట్టి లోపల నిలిపే ఇనప ఊచలు వంచాడు, పంచెల మడతలు, చీరల కుచ్చెళ్ళు, కాలివేళ్ళు చేశాడు. ఇది కుదిరితే ఇకమీద ముఖాలు నీకే ఇస్తానన్నాడు మాస్టారు. కుదరకపోతే ఏమవుతుందో మాస్టారు చెప్పలేదు గానీ, విష్ణువర్ధన్ తనకు తాను చెప్పుకున్నాడు. ఇది తన చేతికి లొంగే పని కాదని ఒప్పుకుని మళ్ళీ ఏదో ఒక ఆఫీసు వెతుక్కోవడమే. ఆ సంగతి ఇంట్లో భార్య నీరజకు కూడా చెప్పలేదు.

అంతకుముందు పద్నాలుగేళ్ళు అతను విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల విభాగంలో పనిచేశాడు. అంటే, ఇంట్లో మనిషి పోయినవాళ్ళు ఫోన్లు చేస్తే మాట్లాడటం. "మీ బాధ మాకు అర్థమైందండి" అన్న మాటతో మొదలుపెట్టాలని అక్కడ నియమం. రోజుకు ఎన్నిసార్లు అనేవాడో లెక్క లేదు. ఒకరోజు ఫోనులో ఎవరో ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, తను గోడమీద క్యాలెండరు గాలికి ఎగరడం చూస్తూ, ఇవాళ క్యాంటీనులో కూర ఏమిటా అని ఆలోచిస్తున్నాడని అతనికి హఠాత్తుగా తెలిసింది. ఆ మర్నాటి నుంచి ఫోను మోగితే రెండు మూడు రింగులదాకా ఎత్తేవాడు కాదు. సాయంత్రం ఇంటికి, బాపట్ల వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూచుంటే, పొలాలు కనబడేవి గానీ అవి పచ్చగా ఉన్నాయో ఎండిపోయాయో పట్టేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం, ఎందుకో తెలియకుండానే తెనాలిలో దిగిపోయాడు. తోచినవైపు నడుస్తుంటే ఒక షెడ్డు ముందు మనిషెత్తు విగ్రహానికి సరిపడే పాదాలు రెండు కనిపించాయి. పాదాలే. పైన ఎవరూ లేరు.

"ఇవి ఎవరివండి?" అని లోపలున్న పెద్దాయన్ని అడిగాడు.

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు శ్యాంప్రసాద్.

చాలా నెలల తర్వాత విష్ణువర్ధన్ నవ్వింది అప్పుడే. ఉద్యోగం మానేసి షెడ్డులో చేరతానన్నప్పుడు నీరజ ఒక పూటంతా ఇంటి ఖర్చులు లెక్కవేసింది. ఆమెది బాపట్లలో స్కూలు టీచరు ఉద్యోగం, ఇల్లు ఆ జీతం మీదే నడవాలి. రాత్రి పడుకోబోతూ, "వెళ్ళు. కానీ అన్నం కలుపుకునేముందు గోళ్ళు తోముకోవాలి" అంది. చేరిన నెల తిరక్కుండానే అతనికి పడుకోగానే నిద్ర పట్టడం మొదలైంది. నీరజ ఇంకెప్పుడూ ఆ ఉద్యోగం ఊసెత్తలేదు.

ఆటో ఆగింది. వెంకటకృష్ణయ్య దిగాడు. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ. వెనకే కూతురు బేబీ. పోయిన ఏడాది కాలం చేసిన మాణిక్యాంబ, ఆయన భార్య. ఆమెకు ఫొటోలంటే గిట్టదట. ఇంట్లో దొరికిందల్లా ఆధార్ కార్డు మీది ఫొటో ఒకటే. దాన్నే పెద్దది చేయించి ఇచ్చారు.

విష్ణువర్ధన్ గుడ్డ తీశాడు.

"అమ్మే!" అంది బేబీ వెంటనే. "ఫొటోలో ఉన్నట్టే ఉంది నాన్నా. ముక్కు చూడు, ఆ పెదవి చూడు. ఎంత బాగా చేశారు అన్నయ్య గారూ!"

వెంకటకృష్ణయ్య దగ్గరికొచ్చాడు. వెనక్కి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మా మనిషి కాదమ్మా" అన్నాడు.

"అదేంటి నాన్నా, అచ్చు గుద్దినట్టుంటే!"

"ముక్కూ మొహం ఆవిడవే. ఆవిడ మాత్రం కాదు. నాకు చెప్పడం రావట్లేదు." ఆయన ఇబ్బందిగా విష్ణువర్ధన్ వైపు చూశాడు. "ఏమనుకోబాకు నాయనా. కష్టపడ్డావు."

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు గానీ లేవలేదు. విష్ణువర్ధన్‌కి ఎక్కడ పొరపాటు జరిగిందో అందలేదు. ఫొటోని కొలబద్దతో కొలిచి, కనుబొమకీ కనుబొమకీ మధ్య ఎంతుందో చూసి మరీ చేశాడు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. 'మీ బాధ మాకు అర్థమైందండి' అన్న మాట దానంతటదే నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. అర్థం కాలేదు మరి. కాలేదు గనక అడగాలి.

స్టూలు లాగి ఆయన ముందు వేశాడు. "కూచోండి బాబాయి గారూ. ఇంట్లో మీరిద్దరూ ఎక్కడ కూచుని మాట్లాడుకునేవారు?"

"ఎక్కడేంటి, అరుగు మీదే. సాయంత్రం ఎండ తగ్గాక. నేను ఆవిడకి ఎడం పక్క కూచునేవాణ్ణి, ఆవిడ..."

"ఎప్పుడూ ఎడం పక్కేనా?"

"ఎప్పుడూ. కుడి పక్క కూచుంటే..." ఆయన ఆగిపోయాడు. కూతురి వంక చూశాడు. తర్వాత మట్టిముఖం వంక చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు. "ఇంక దాచి ఏం లాభంలే. ఆవిడకి కుడి చెవి వినపడదు నాయనా."

"ఏంటి నాన్నా నువ్వనేది?" అంది బేబీ. "అమ్మకి చెవుడేంటి?"

"నువ్వు పుట్టకముందు జొరం వచ్చి పోయిందే ఆ చెవి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. పెళ్ళిళ్ళల్లో పేరంటాల్లో చెవిటి మాణిక్యం అంటారని భయం. అందుకే ఎవరు మాట్లాడినా తల కాస్త తిప్పేది. ఇట్టా." ఆయన తన తలని కుడి వైపుకి కొద్దిగా తిప్పి, వంచి చూపించాడు. "ఆధార్ వాడు తల నిటారుగా పెట్టమ్మా, ఇటు చూడమ్మా అని గదమాయించాడు. ఆ ఫొటోలో ఆవిడ బిగుసుకుపోయిందయ్యా. ఇంట్లో అట్టా ఉండేది కాదు."

బేబీ మట్టిముఖం వైపు ఒకడుగు వేసింది. "నేనేదన్నా చెప్తుంటే మొహం పక్కకి తిప్పుకునేది. స్కూలు సంగతులు, కాలేజీ సంగతులు. నా మాటలంటే విసుగేమోననుకుని చెప్పడమే మానేశాను నాన్నా."

"తిప్పుకోవడం కాదే పిచ్చిదానా! వినపడే చెవి నీకిచ్చేది."

విష్ణువర్ధన్ అప్పటికే లేచాడు. మాస్టారి వైపు చూశాడు. "మెడ తిప్పొచ్చా మాస్టారూ?"

"ఊచతో పాటు తిప్పాలి. తల జారి కింద పడిందంటే మాత్రం మళ్ళీ మొదటినుంచే" అన్నాడు మాస్టారు. "నీ ముఖం, నీ ఇష్టం."

విష్ణువర్ధన్ తీగ తీసుకుని మెడ చుట్టూ మట్టి కొయ్యడం మొదలుపెట్టాడు.

"అయ్యయ్యో, గొంతు కోస్తున్నావేంటయ్యా!" అని అరిచాడు వెంకటకృష్ణయ్య.

"మీరొచ్చి పట్టుకోండి బాబాయి గారూ. వెనక చెయ్యి పెట్టండి. అమ్మా, మీరు గడ్డం కింద. గట్టిగా వద్దు, ఊరికే ఆనించండి చాలు."

భర్త చెయ్యి తల వెనక, కూతురి అరచెయ్యి గడ్డం కింద. విష్ణువర్ధన్ రెండు చెంపల మీదా చేతులు వేసి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. ఊచ కిర్రుమంది. తల కదిలింది.

"ఇంకాస్త... ఇంకాస్త వంచు... ఆ. ఆపు ఆపు ఆపు!" అన్నాడు వెంకటకృష్ణయ్య.

ముగ్గురూ చేతులు తీశారు. నిలబడింది.

వెంకటకృష్ణయ్య దూరం వెళ్ళి చూడలేదు. కళ్ళజోడూ తుడుచుకోలేదు. తిన్నగా ఎడం పక్కకి వెళ్ళి, ఆ మట్టి చెవి దగ్గర వంగి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. ఒకటి రెండు మాటలకన్నా ఎక్కువే. తర్వాత చేతులకంటిన మట్టి చూసుకుని, "అచ్చు తీసెయ్ నాయనా" అన్నాడు.

బేబీ ఎదురుగా నేలమీద చతికిలబడి అలాగే చూస్తోంది. "నాన్నా, బండికి టైమవుతోంది కదా" అంది గానీ లేవలేదు. "తర్వాత బండికి పోదాంలే" అన్నాడాయన, స్టూలు కూతురి పక్కకి లాక్కుంటూ.

విష్ణువర్ధన్ మెడ దగ్గర పగుళ్ళు పూడ్చాడు. చెంపల మీద తన వేళ్ళ గుర్తులు తడిచేత్తో చదును చేశాడు. గడ్డం కింద బేబీ వేళ్ళ గుర్తులు నాలుగు లోతుగా దిగి ఉన్నాయి. మాస్టారు వెనకనుంచి వచ్చి వంగి చూశాడు.

"అవి తుడవలేదేంటి?"

"కింద నుంచి చూస్తే తప్ప కనపడవండి. ఉండనివ్వండి మాస్టారూ."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించాడు. "సరే, ఉండనీ. రేపు పొద్దున్నే రా, అచ్చుకి నువ్వే ఉండాలి" అని, టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. ఈసారి అందరికీ.