ఖ్రియెనో ఇంటి డాలు

ఖ్రియెనో పొద్దున్నే పొయ్యి రాజేసి, ఎసట్లో బియ్యం పోసి, గోడకున్న డాలు మీద అరచెయ్యి ఆనించేది. ఎలుగుబంటి బొచ్చు కుట్టిన నిలువెత్తు బర్రెతోలు డాలు. వెచ్చగా తగిలేది. ఆ కొండ ఊళ్లో అంతే, మగవాడు ఎక్కడున్నా సరే, ఊపిరి ఉన్నన్నాళ్లూ అతని డాలు ఒంటిలా వెచ్చగా ఉంటుంది.

ఆమె మొగుడి పేరు కెథోలెతో. కొండవాళ్లు స్వతంత్రం కోసం పోరాడే రోజుల్లో దళంతో పాటు బర్మా అడవుల్లోకి వెళ్లాడు. మళ్లీ కబురు లేదు. పక్కింటి పూసల్హూ పెళ్లి చేసుకుందామని అడిగితే, "ముందు ఆ డాలు ముట్టుకో, తర్వాత అడుగు" అంది. ముట్టుకున్నాడు. తలొంచుకుని వెళ్లి ఇంకొకరిని చేసుకున్నాడు. ఖ్రియెనో జుట్టు నెరిసిపోయింది.

సెక్రెన్యీ పండక్కి ఏటా మరిది విల్హో ఆ డాలు పట్టుకుని ఆడేవాడు, వరసలో అన్న చోటు ఖాళీగా ఉండకూడదని. ఆ ఏడూ తలకి ఈకలు పెట్టుకుని వచ్చాడు.

"వదినా, పంది మాంసం ఉడికిందా? ఓ ముక్క పెడితేగానీ దీన్ని మొయ్యలేను. అన్నయ్య ఏటికేడూ లావెక్కుతున్నట్టున్నాడు."

"నీకు ముసలితనం వచ్చి ఆయన్నంటావేం!"

విల్హో నవ్వుతూనే డాలు దించాడు. చప్పున నవ్వు ఆగిపోయింది.

"వదినా... ఇలా రా."

తోలు మంచులా ఉంది. ఖ్రియెనో దాన్ని పొయ్యి పక్కకి లాగింది. చేతులతో రుద్దింది. వేడెక్కలేదు.

ఆ మధ్యాహ్నమే గొయ్యి తవ్వారు. శవం దొరకనివాడికి డాలునే పూడుస్తారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు వీరుడా, శూరుడా అని ఏడుపు అందుకున్నారు. ఖ్రియెనో నోరు విప్పలేదు.

"ఏడ్చెయ్ అక్కా, లేకపోతే గుండె పగిలిపోతుంది" అంది పూసల్హూ భార్య.

"ఏమని ఏడవనే? ఇవాళ పొద్దుటిదాకా బతికే ఉన్నాడు. కాళ్లున్నాయి, దారి తెలుసు. ఎందుకు రాలేదు?"

విల్హో నేల చూపులు చూస్తూ, "అక్కడెవరో ఉండుంటారు వదినా" అన్నాడు.

"ఉంటే ఈపాటికి వాళ్లూ ఏడుస్తుంటారు."

డాలుని తనే గోతిలోకి దించింది. బొచ్చు మీద అంటిన గడ్డిపరక తీసేసింది. తొలి గుప్పెడు మట్టి వేసి, అక్కడే కూలబడి, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు ఏడ్చే ఏడుపు ఏడ్చింది.